కాంట్రాక్ట్ పనికి ఏ సర్టిఫికేషన్? మూడు చేశాను, ఫోన్లు మాత్రం పెరగలేదు

చందు_ఆప్స్
ఏడేళ్లు ఒకే కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్ చేశాను. లైనక్స్ సర్వర్లు, ప్యాచింగ్ (అప్‌డేట్లు వేయడం), షెల్ స్క్రిప్టులు, అర్ధరాత్రి అలర్టులు, ఇదే పని. ప్రాజెక్ట్ మూసేశారు. ఈసారి కాంట్రాక్ట్‌లోకి వెళ్దామని నాలుగు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. సర్టిఫికేషన్లు లేకపోవడమే లోటని చాలామంది అన్నారు. సరేనని మూడు నెలల్లో మూడు చేశాను: అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో క్లౌడ్ ప్రాక్టీషనర్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో ఏజెడ్-900, ఐటీ సేవల నిర్వహణ మీద ఐటీఐఎల్ ఫౌండేషన్. మూడూ మొదటిసారికే పాసయ్యాను. రెజ్యూమేలో అన్నిటికన్నా పైన పెట్టాను. అయినా ఫోన్లు పెరగలేదు. వచ్చిన రెండు కాల్స్‌లో ఎవరూ వాటి ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు ఒకరు ఏడబ్ల్యూఎస్‌లోనే సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ చేయమంటారు, ఒకరు కంటైనర్లు (యాప్‌ల ప్యాకెట్లు) నడిపే కుబర్నెటీస్ అంటారు. మా పాత మేనేజర్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేట్ పీఎంపీ అంటున్నారు. ఒక ఫ్రెండేమో సెక్యూరిటీ తప్ప ఇంకేదీ దండగ అంటాడు. ఫీజులన్నీ నా జేబులోంచే పోతున్నాయి. ఇంకొక్కటి చేసే ఓపిక, డబ్బు ఉన్నాయి, అంతే. ఏది చేస్తే కాంట్రాక్ట్ వస్తుంది? చేసి ఫలితం చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పని_ముఖ్యం
ఏదీ వద్దు. పదకొండేళ్లుగా కాంట్రాక్టులే చేస్తున్నాను, నా దగ్గర ఒక్క సర్టిఫికేట్ కూడా లేదు. ఆ చదివే టైమ్‌లో పాత క్లయింట్లకు ఫోన్ చేయండి.

మేఘమాల
@పని_ముఖ్యం మీకు పాత క్లయింట్లు ఉన్నారండీ. చందు గారు ఏడేళ్లూ ఒకే చోట ఉన్నారు, ఆయన ఎవరికి ఫోన్ చేస్తారు? తెలిసినవాళ్లు లేని చోట మన గురించి రెజ్యూమే ఒక్కటే మాట్లాడాలి.

చందు గారూ, మీరు చేసిన మూడూ పునాది స్థాయివి. క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్ష ఐటీ నేపథ్యం లేని సేల్స్, ఫైనాన్స్ వాళ్లు కూడా రాసేలా తయారుచేసింది. చెడ్డదని కాదు, అది ఉన్నదే అందుకు. ఏడేళ్లు సర్వర్లు నడిపిన మనిషి రెజ్యూమేలో అవి అన్నిటికన్నా పైన కనిపిస్తే, చూసేవాళ్లకు ఏడేళ్ల అనుభవం కనపడదు, నిన్న మొన్న మొదలుపెట్టిన మనిషి కనపడతాడు. ముందు వాటిని చివరి పేజీకి దించండి. పైన మీ పని పెట్టండి.

చందు_ఆప్స్
ఇది నాకు తట్టనే లేదు. ఈ రాత్రే మారుస్తాను.

క్యూబ్_కిట్టు
ఒక్కటే చేయగలిగితే కుబర్నెటీస్ అడ్మిన్ పరీక్ష సీకేఏ చేయండి. ఆప్షన్లు పెట్టి టిక్కు కొట్టించే పరీక్ష కాదు. 2 గంటలు టెర్మినల్ ముందు కూర్చోబెట్టి నడుస్తున్న క్లస్టర్లు (సర్వర్ల గుంపులు) ఇస్తారు, చెడిపోయినవి బాగుచేయాలి, అడిగినవి కట్టాలి. పాస్ మార్కు 66 శాతం. మార్కుల్లో 30 శాతం ట్రబుల్‌షూటింగ్‌కే. ఏడేళ్లు సపోర్ట్ చేసినవాళ్లకు అది రోజూ చేసే పనే కదా. కుబర్నెటీస్ అధికారిక డాక్యుమెంటేషన్ పరీక్షలో తెరుచుకోవచ్చు. ఒకసారి ఫెయిలైతే రెండో అవకాశం అదే ఫీజులో ఉంటుంది.

పాత_సర్వర్
తమ్ముడూ కిట్టూ, అతను కుబర్నెటీస్ మీద పని చేశానని ఎక్కడా చెప్పలేదే. లైనక్స్ అన్నాడు, ప్యాచింగ్ అన్నాడు. నువ్వు నీకు పనికొచ్చింది చెబుతున్నావు.

క్యూబ్_కిట్టు
నేర్చుకోవచ్చు కదన్నా. నేనూ సున్నా నుంచే మొదలుపెట్టాను.

పాత_సర్వర్
నువ్వు పర్మనెంట్ ఉద్యోగంలో ఉండి నేర్చుకున్నావు. చదివింది మర్నాడే టీమ్‌లో వాడి చూసుకున్నావు. అతనిప్పుడు ఇంట్లో ఉన్నాడు. తేడా అక్కడే ఉంది.

రిక్రూటర్_వాణి
నేను తొమ్మిదేళ్లుగా కాంట్రాక్ట్ రిక్రూటింగ్‌లోనే ఉన్నాను, మా టేబుల్ ఇవతల ఏం జరుగుతుందో చెబుతాను.

క్లయింట్ దగ్గరి నుంచి రిక్వైర్‌మెంట్ వస్తుంది. అందులో తప్పనిసరి అని కొన్ని లైన్లు, ఉంటే మంచిది అని కొన్ని లైన్లు ఉంటాయి. తప్పనిసరి లైన్లలోని మాటలతోనే మేం డేటాబేస్‌లో వెతుకుతాం. వచ్చినవాళ్లలో అందుబాటులో ఎవరున్నారు, రేటు కుదురుతుందా చూసి, ముగ్గురినో నలుగురినో పంపిస్తాం. ఇదంతా చాలాసార్లు ఒక్క పూటలో అయిపోతుంది. సర్టిఫికేషన్ తప్పనిసరి లైన్లో ఉంటే, అది లేని మనిషి ఎంత గొప్పవాడైనా మా వెతుకులాటలో కనపడడు. ఉంటే మంచిది లైన్లో ఉంటే, ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు మాత్రమే దానికి విలువ. రెండు లైన్లలోనూ లేకపోతే దాన్ని ఎవరూ చదవరు. మీ మూడింటి సంగతి అదే అయి ఉంటుంది.

ఇంకో మాట. పర్మనెంట్‌కి తీసుకునేవాళ్లు "నేర్చుకుంటాడులే" అనుకుంటారు. కాంట్రాక్ట్‌కి తీసుకునేవాళ్లు అలా అనుకోరు. ఆరు నెలల పని, మొదటి వారం నుంచే చేతులు కదలాలి. అందుకే ఎప్పుడూ చేయని పని మీద తెచ్చుకున్న సర్టిఫికేట్ కాంట్రాక్ట్ మార్కెట్‌లో చాలా బలహీనం. చేసిన పని మీద తెచ్చుకున్నది చాలా బలం.

కాబట్టి ఏది చేయాలని మమ్మల్ని అడగకండి. మీరు అప్లై చేయగలిగే ప్రకటనలు ఓ నలభై పోగుచేయండి. తప్పనిసరి లైన్లో ఏముందో ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టండి. ఒక్క సాయంత్రం పని.

టెస్టర్_సుజాత
వాణి గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. నేను టెస్టింగ్‌లో ఆరేళ్లు పనిచేసిన తర్వాత కూడా ఒక పెద్ద క్లయింట్ దగ్గరికి నా ప్రొఫైల్ మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ వెనక్కి వచ్చింది. నాలుగోసారి ఏజెన్సీ అమ్మాయి విసుగు లేకుండా కారణం కనుక్కుంది. ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ అనే టెస్టింగ్ సర్టిఫికేట్ తప్పనిసరట. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 వస్తే పాస్. తెలిసిన విషయమే కాబట్టి మూడు వారాలు చదివి రాశాను. అదే క్లయింట్ దగ్గర తర్వాత రెండేళ్లు పనిచేశాను. ఆ సర్టిఫికేట్‌కి గడువు కూడా లేదు, రెన్యువల్ గొడవ లేదు.

ఆ మూడు వారాలూ మా అమ్మాయి నా పక్కనే కూర్చుని తన లెక్కలు చేసుకునేది. "అమ్మా, నీకు యూనిట్ టెస్టా, యాన్యువలా?" అని అడిగేది.

చందు_ఆప్స్
సుజాత గారూ 😊 మా ఇంట్లోనూ అదే పరిస్థితి.

వాణి గారూ, నలభై పోగుచేస్తాను. రెండు రోజులివ్వండి.

కొత్తగా_వచ్చాను
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను చదువు అయిపోయి ఏడాది. ఒక ట్రైనింగ్ సెంటర్‌వాళ్లు పరీక్షకి డంప్స్ (బయటికొచ్చిన అసలు ప్రశ్నలు) ఇస్తాం, నాలుగేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్ ఇస్తాం, ఇంటర్వ్యూకి వెనకనుంచి మనిషిని పెడతాం, కాంట్రాక్ట్ గ్యారంటీ అంటున్నారు. చాలామంది ఇలాగే చేరారని చెబుతున్నారు. చేరొచ్చా?

మేఘమాల
వద్దు. దయచేసి వద్దు.

పని_ముఖ్యం
తమ్ముడూ, నేను క్లయింట్ తరఫున ఇంటర్వ్యూలు చేస్తాను. వెనకనుంచి ఎవరో చెబుతుంటే పెదవులు కదిలే తీరు, ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఆగే తీరు చూస్తే తెలిసిపోతుంది. ఒకవేళ తెలియకపోయినా, మొదటి సోమవారం ప్రొడక్షన్ పడిపోతే నీ పక్కన ఆ మనిషి ఉండడు. ఒకతన్ని మూడో రోజే పంపించేశారు. అతను ఏడుస్తూ బ్యాగ్ సర్దుకోవడం నేను చూశాను. ఇన్నేళ్లయినా ఆ దృశ్యం మరిచిపోలేదు. అతన్ని అక్కడిదాకా తెచ్చినవాళ్లు డబ్బు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయారు.

తాళంచెవి
డంప్స్ గురించి కూడా చెప్పాలి. పరీక్షకి ముందు మనం ఒప్పుకునే పత్రంలోనే ప్రశ్నలు బయటపెట్టనని, బయటపెట్టినవి వాడనని ఉంటుంది. దొరికితే స్కోరు రద్దు, ఉన్న సర్టిఫికేట్లు రద్దు, మళ్లీ రాయకుండా నిషేధం కూడా పడొచ్చు. జవాబులు ఇచ్చిన వేగం, తీరు చూసి పట్టుకునే పద్ధతులున్నాయి. ప్రాక్టీస్ టెస్టులు వేరు, డంప్స్ వేరు. ఈ జవాబు ఎందుకు తప్పో వివరించేది ప్రాక్టీస్ టెస్ట్. అసలు పరీక్షలో ఇదే ప్రశ్న వస్తుందని చెప్పేది డంప్.

రిక్రూటర్_వాణి
@కొత్తగా_వచ్చాను ఆ లెటర్ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికితే ఆ ఏజెన్సీ, ఆ క్లయింట్ ఇద్దరి దగ్గరా నీ పేరు పక్కన మచ్చ పడుతుంది. అది చెరిపేసే దారి నా దగ్గర కూడా లేదు. కాంట్రాక్ట్ అనుభవం ఉన్నవాళ్ల ఆట నాన్నా. ముందు చిన్నదైనా ఒక పర్మనెంట్ ఉద్యోగం వెతుక్కో. రెండేళ్ల తర్వాత మళ్లీ వచ్చి అడుగు, నేనే చెబుతాను.

కొత్తగా_వచ్చాను
అర్థమైంది. రేపు అడ్వాన్స్ కట్టాల్సి ఉంది, కట్టను. థాంక్స్ మేడమ్, అందరికీ.

నెట్‌కేబుల్
అసలు విషయానికి వస్తే, గడువు సంగతి ఎవరూ చెప్పలేదు. నా నెట్‌వర్కింగ్ సర్టిఫికేట్ సీసీఎన్ఏకి గడువు మూడేళ్లు. మూడేళ్లలోపు మళ్లీ పరీక్షైనా రాయాలి, శిక్షణతో వచ్చే 30 క్రెడిట్లైనా కూడబెట్టాలి. నేను కాంట్రాక్ట్ పనిలో మునిగిపోయి మర్చిపోయాను. ఆ క్లయింట్ తన పై క్లయింట్‌కి ఇచ్చిన బిడ్‌లో ఎవరెవరికి ఏ సర్టిఫికేషన్ ఉందో పేర్లతో సహా రాసిచ్చింది. ఎక్స్‌టెన్షన్ టైమ్‌కి తనిఖీ చేస్తే నాది అయిపోయి ఆరు వారాలు. పని బాగా చేస్తున్నానని అందరికీ తెలుసు, అయినా పేపర్ మీద నేను లేను. మళ్లీ రాసి పాసయ్యేదాకా ఐదు వారాలు ఇంట్లో కూర్చున్నాను, బిల్లింగ్ లేదు. ఎంత టెన్షన్ పడ్డానో. చేసే ముందే గడువు చూసుకోండి, ఫోన్‌లో ఆరు నెలల ముందుకు రిమైండర్ పెట్టండి.

మేఘమాల
ఇది చాలా ముఖ్యమైన పాయింట్. గడువులు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. ఏడబ్ల్యూఎస్‌వి మూడేళ్లు. సీకేఏ మొదట్లో మూడేళ్లు ఉండేది, 2024 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్లే. మైక్రోసాఫ్ట్ అసోసియేట్, ఎక్స్‌పర్ట్ స్థాయివి ఏడాదే, కానీ గడువుకు ఆరు నెలల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు. ఫీజు లేదు, సెంటర్‌కి వెళ్లక్కర్లేదు. పునాది స్థాయి ఏజెడ్-900కి గడువే లేదు. స్క్రమ్‌లో (టీమ్ పని నడిపే పద్ధతి) పీఎస్ఎం సర్టిఫికేట్ ఒకసారి చేస్తే చాలు, సీఎస్ఎం అయితే రెండేళ్లకోసారి రెన్యూ చేయాలి. ఫీజు లెక్క వేసుకునేటప్పుడు మొదటి పరీక్ష ఫీజు మాత్రమే చూస్తాం. రెన్యువల్ కూడా మన జేబులోంచేనని కాంట్రాక్టర్లు గుర్తుంచుకోవాలి, మన వెనక కంపెనీ లేదు.

అర్ధరాత్రి_డీబీఏ
పరీక్షలు ఆగిపోవడం కూడా ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌వి ఎంసీఎస్ఏ, ఎంసీఎస్ఈ అని ఒకప్పుడు అందరూ చెప్పుకునేవాళ్లు, 2021 జనవరి 31తో ఆ పరీక్షలు ఆగిపోయాయి. ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ స్పెషాలిటీ 2024 ఏప్రిల్‌లో ఆగింది. చేసినవాళ్లకి గడువుదాకా చెల్లుతుంది గానీ కొత్తగా ఎవరూ చేయలేరు. అందుకే నేను మరీ సన్నని స్పెషాలిటీల జోలికి పోను.

చందు_ఆప్స్
నలభై కాదు, నలభై నాలుగు పోగుచేశాను. గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. సగానికి పైగా ప్రకటనల్లో ఏడబ్ల్యూఎస్ ఉంది. తర్వాత కోడ్‌తో సర్వర్లు కట్టే టెర్రాఫామ్, కుబర్నెటీస్ దాదాపు సమానం. ఆర్‌హెచ్‌సీఎస్ఏ (రెడ్‌హ్యాట్ లైనక్స్ అడ్మిన్ సర్టిఫికేట్) అడిగినవి తొమ్మిదే. పీఎంపీ ఒక్కదాంట్లో, సెక్యూరిటీ సర్టిఫికేట్ సీఐఎస్ఎస్‌పీ రెండింట్లో. అంటే సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ అనే కదా? 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, 720 రావాలి. రేపు ఫీజు కట్టేద్దామనుకుంటున్నాను.

క్యూబ్_కిట్టు
కుబర్నెటీస్ రెండో మూడో స్థానంలో ఉంది చూశారా 😊

రిక్రూటర్_వాణి
చందు గారూ, ఫీజు కట్టే ముందు ఒక్క గంట ఆగండి. ఆ నలభై నాలుగూ మళ్లీ తీయండి. ఈసారి సర్టిఫికేషన్ లైన్ మీద వేలు పెట్టి మూసేసి, మిగతా తప్పనిసరి లైన్లన్నీ చదవండి. అవన్నీ మీరు ఇప్పటికే చేసినవైతే ఆ ప్రకటన ఉంచండి. ఒక్క లైనైనా మీరు చేయనిదైతే పక్కన పడేయండి. మిగిలినవాటిలో మాత్రమే లెక్కపెట్టండి.

సర్టిఫికేట్ ఒక్క లైన్‌కే బదులు చెబుతుంది. మిగతా లైన్లకి మీ అనుభవమే బదులు చెప్పాలి.

చందు_ఆప్స్
చేసి వచ్చాను. గంట కాదు, రెండు గంటలు పట్టింది.

ఏడబ్ల్యూఎస్ అడిగినవాటిలో దాదాపు అన్నీ పోయాయి. ఒకదాంట్లో మూడేళ్ల క్లౌడ్ మైగ్రేషన్ అనుభవం, ఇంకోదాంట్లో టెర్రాఫామ్‌తో కట్టిన ప్రొడక్షన్ వాతావరణం, అలా. సర్టిఫికేట్ తెచ్చుకున్నా నేను అక్కడ నిలబడను. పదమూడు మిగిలాయి. అన్నీ లైనక్స్ అడ్మినిస్ట్రేషన్, ప్యాచింగ్, రాత్రి ఆన్‌కాల్. ఆర్‌హెచ్‌సీఎస్ఏ అడిగిన తొమ్మిదీ ఈ పదమూడులోనే ఉన్నాయి. నాలుగు నెలలుగా ఈ తొమ్మిదిలాంటివి నా కళ్ల ముందే పోయాయన్నమాట. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

పాత_సర్వర్
బాధపడకు తమ్ముడూ. ఇప్పుడైనా కనపడింది కదా.

ఆర్‌హెచ్‌సీఎస్ఏ గురించి నాకు తెలిసింది చెబుతాను. పరీక్ష కోడ్ ఈఎక్స్200. 3 గంటలు, మొత్తం 300 మార్కులు, 210 వస్తే పాస్. గడువు మూడేళ్లు. ఒక్క ప్రశ్నకీ ఆప్షన్లుండవు, మెషిన్ ఇచ్చి పని చెబుతారు. ఇంటర్నెట్ ఉండదు, మెషిన్‌లో ఉన్న మాన్ పేజీలే (కమాండ్ల సహాయ పుటలు) దిక్కు. కాబట్టి ఇప్పట్నుంచే వెబ్‌లో వెతకడం మానేసి మాన్ పేజీల్లో వెతకడం అలవాటు చేసుకో. ఈ అలవాటు తర్వాత క్లయింట్ దగ్గర కూడా పనికొస్తుంది, చాలా చోట్ల సర్వర్ల నుంచి బయటికి దారి ఉండదు.

ఇక అసలు విషయం. నువ్వు చేసిన ప్రతి మార్పూ రీబూట్ తర్వాత కూడా నిలవాలి. సర్వీస్ స్టార్ట్ చేసి ఎనేబుల్ చేయడం మర్చిపోతే ఆ మార్కులు పోయినట్టే. ఫైర్‌వాల్ రూల్ తాత్కాలికంగా వేస్తే పోయినట్టే. నేను మొదటిసారి రాసినప్పుడు అన్నీ చేశాను, చివరి పదిహేను నిమిషాల్లో బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు కలపాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌టాబ్‌లో కొత్త వాల్యూమ్ లైన్ రాశాను. ఒక్క అక్షరం తప్పు. రీబూట్ చేసి చూడలేదు. మెషిన్ పైకి లేవకపోతే అందులో చేసిన మిగతా పనులు ఎవరు చూస్తారు? ఫెయిలయ్యాను. రెండోసారి ప్రతి రెండు ప్రశ్నలకీ ఒకసారి రీబూట్ చేశాను, గంట మిగిలింది.

ఎస్‌ఈలైనక్స్ (లైనక్స్ భద్రతా కాపలా) అంటే భయపడి ఆఫ్ చేసేవాళ్లు చాలామంది, నువ్వు ఆ పని చేయకు. దాని లేబుల్స్, బూలియన్స్ (ఆన్/ఆఫ్ స్విచ్‌లు) నేర్చుకో. డిస్కుల్ని వాల్యూమ్‌లుగా పంచే ఎల్‌వీఎంలో వాల్యూమ్ పెంచడం, రూట్ పాస్‌వర్డ్ పోయినప్పుడు బూట్ ఆపి లోపలికి వెళ్లడం కళ్లు మూసుకుని రావాలి. రెడ్‌హ్యాట్ ఏ వెర్షన్ మీద పరీక్ష నడుస్తోందో బుక్ చేసే ముందు వాళ్ల సైట్‌లో చూసుకో, సిలబస్ కూడా అక్కడే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషిన్లు పెట్టుకుంటే చాలు, ఏ కోర్సూ కొనక్కర్లేదు.

చందు_ఆప్స్
అన్నా, ఇది ప్రింట్ తీసి గోడకి అంటించుకుంటాను.

పని_ముఖ్యం
నేను మొదట్లో చెప్పింది కొంచెం సరిదిద్దుకుంటాను. నాకు అన్ని కాంట్రాక్టులూ తెలిసినవాళ్ల ద్వారానే వచ్చాయి, అందుకే రిక్రూటర్ వెతికే పెట్టెలో ఏముందో నాకు ఎప్పుడూ అవసరం పడలేదు. చందుకి అవసరం. కానీ ఒక్క మాట మీద మాత్రం నిలబడతాను: ఇంటర్వ్యూలో నేను సర్టిఫికేట్ గురించి అడగను. "చివరిసారి ఏది పగిలింది, ఎలా పట్టుకున్నావు?" అని అడుగుతాను. ఏడేళ్లలో అలాంటివి కనీసం ఐదు కేసులు రాసి పెట్టుకో. లక్షణం ఏమిటి, మొదట ఏం అనుకున్నావు, అది ఎందుకు కాదని తేలింది, అసలు కారణం ఏమిటి, మళ్లీ రాకుండా ఏం చేశావు. పాత కంపెనీ పేర్లూ రహస్యాలూ బయటపెట్టకుండా.

మేఘమాల
ఇది బంగారం లాంటి సలహా. నేనూ కొత్త కాంట్రాక్ట్‌కి ముందు నా నోట్‌బుక్ తీసి ఇలాంటివే చదువుకుంటాను.

గాంట్‌చార్ట్
పీఎంపీ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకి 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి, 35 గంటల శిక్షణ ఉండాలి. చందు గారు ప్రాజెక్టులు నడపలేదు, సర్వర్లు నడిపారు. మీ మేనేజర్ తన దారి మంచిదని చెప్పారు, అది ఆయన దారి.

తాళంచెవి
సీఐఎస్ఎస్‌పీ కూడా అంతే. ఎనిమిది సెక్యూరిటీ డొమైన్లలో (విభాగాల్లో) కనీసం రెండింట్లో కలిపి ఐదేళ్ల అనుభవం కావాలి, డిగ్రీ ఉంటే ఏడాది తగ్గుతుంది. అనుభవం లేకుండా పరీక్ష పాసైతే అసోసియేట్ అంటారు, అనుభవం పూర్తిచేయడానికి ఆరేళ్లు ఇస్తారు. కానీ కాంట్రాక్ట్ ప్రకటనలో అడిగేది అసోసియేట్‌ని కాదు. సెక్యూరిటీలోకి రావాలని నిజంగా ఉంటే సెక్యూరిటీ ప్లస్ మొదటి మెట్టు, కొన్ని ప్రభుత్వ కాంట్రాక్టుల్లో దాన్ని నిబంధనగానే పెడతారు. చందు గారి పదమూడు ప్రకటనల్లో అది లేదు కాబట్టి ఇప్పటికి వదిలేయండి.

అర్ధరాత్రి_డీబీఏ
వాణి గారూ, ఒక సందేహం. కొన్ని కన్సల్టింగ్ కంపెనీలు పని తెలిసినా తెలియకపోయినా సర్టిఫికేట్ ఉన్నవాళ్లనే తీసుకుంటున్నాయి. ఎందుకు?

రిక్రూటర్_వాణి
పార్ట్‌నర్ హోదా కోసం. క్లౌడ్ కంపెనీలు తమ పార్ట్‌నర్లకి స్థాయిలు పెడతాయి. పై స్థాయికి వెళ్లాలంటే ఇంతమంది సర్టిఫైడ్ మనుషులు ఉండాలని లెక్క ఉంటుంది. స్థాయి పెరిగితే వాళ్లకి ప్రాజెక్టులు సులువుగా వస్తాయి. ఇద్దరు తక్కువైన చోట మీ సర్టిఫికేట్‌కి అసలు కన్నా ఎక్కువ విలువ వస్తుంది. ఇంటర్వ్యూలో నేరుగా అడగండి, "మీ పార్ట్‌నర్ లెక్కలో నా సర్టిఫికేట్ చేరుతుందా?" అని. చేరుతుందంటే రేటు మాట్లాడేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. రెన్యువల్ ఫీజు వాళ్లే కట్టాలని కూడా అడగవచ్చు. అయితే వాళ్లు ఫీజు కడితే ఎన్నాళ్లు కట్టుబడి ఉండాలో కాంట్రాక్ట్‌లో చదవకుండా సంతకం పెట్టకండి.

అర్ధరాత్రి_డీబీఏ
ఇన్నాళ్లూ ఇది తెలియదు. పోయిన కాంట్రాక్ట్‌లో నా సర్టిఫికేట్ నంబరు అడిగి తీసుకున్నారు, ఎందుకా అనుకున్నాను.

క్యూబ్_కిట్టు
నేను ఒప్పుకుంటున్నాను, చందు గారికి ముందు ఆర్‌హెచ్‌సీఎస్ఏనే. కానీ అక్కడే ఆగిపోకండి. కాంట్రాక్ట్ దొరికి ఆ టీమ్‌లో కంటైనర్లు ముట్టుకునే అవకాశం వచ్చిన రోజు సీకేఏ మొదలుపెట్టండి. 2025 ఫిబ్రవరిలో సిలబస్ మారింది, హెల్మ్, కస్టమైజ్, గేట్‌వే ఏపీఐ అనే అంశాలు కొత్తగా చేరాయి. పాత వీడియోలు చూసి చదివితే కుదరదు.

పాత_సర్వర్
మధ్యలో ఈఎక్స్294 కూడా ఉంది కిట్టూ, ఆర్‌హెచ్‌సీఈ. అదంతా సర్వర్ పనులు ఆటోమేట్ చేసే ఆన్సిబుల్ మీదే. షెల్ స్క్రిప్టులు రాసే మనిషికి అది పక్కింటికి వెళ్లినట్టు ఉంటుంది.

క్యూబ్_కిట్టు
సరే అన్నా, మీరు గెలిచారు, ఆర్‌హెచ్‌సీఈ తర్వాతే సీకేఏ.

చందు_ఆప్స్
ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. మొన్న గురువారం ఆర్‌హెచ్‌సీఎస్ఏ రాశాను. పాత_సర్వర్ అన్న చెప్పినట్టు ప్రతి రెండు ప్రశ్నలకీ రీబూట్ చేశాను. మూడోసారి రీబూట్ చేసినప్పుడు ఒక మెషిన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. ఎఫ్‌ఎస్‌టాబే! డిస్క్ గుర్తింపు సంఖ్య యూయూఐడీలో ఒక అంకె తప్పు రాశాను. గుండె ఆగినంత పనైంది, కానీ ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి ఐదు నిమిషాల్లో సరిచేశాను. నిన్న ఫలితం వచ్చింది, పాస్. 271.

పాత_సర్వర్
శభాష్ తమ్ముడూ! నా 210 గండం నీకు 271 అయింది. చాలా సంతోషంగా ఉంది.

టెస్టర్_సుజాత
అభినందనలు చందు గారూ! మా అమ్మాయికి కూడా చెప్పాను.

రిక్రూటర్_వాణి
రెజ్యూమేలో పేరు పక్కనే పెట్టండి, సర్టిఫికేట్ నంబరుతో సహా. వెరిఫై చేసుకునే లింక్ కూడా ఇవ్వండి. ఆ పదమూడు ప్రకటనల ఏజెన్సీలకి మళ్లీ ఒకసారి పంపండి. మూసేసినవైనా సరే, అదే క్లయింట్ మళ్లీ అడుగుతాడు.

చందు_ఆప్స్
పంపాను. పది రోజుల్లో నాలుగు కాల్స్ వచ్చాయి. ఒకటి మొదటి రౌండ్ అయింది. సర్టిఫికేట్ సంగతి ఏజెన్సీ అమ్మాయి మాత్రమే అడిగింది, క్లయింట్ ఇంజనీర్ అసలు ఎత్తలేదు. "డిస్క్ నిండిపోయింది, పెద్ద ఫైలు డిలీట్ చేశావు, అయినా స్పేస్ రాలేదు, ఎందుకు?" అని అడిగారు. ఏదో ప్రాసెస్ ఆ ఫైల్‌ని ఇంకా తెరిచే ఉంచిందని, తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో ఎలా వెతుకుతానో చెప్పాను. అది నేను రాసి పెట్టుకున్న ఐదు కేసుల్లో రెండోది. పని_ముఖ్యం గారికి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. రేపు మధ్యాహ్నం రెండో రౌండ్.

పని_ముఖ్యం
డిస్క్ అడిగారంటే రేపు లాగ్ రొటేషన్ (పాత లాగ్ ఫైళ్లు పక్కకి మార్చడం) అడుగుతారు. ఫైల్ పేరు మార్చిన తర్వాత కూడా ప్రాసెస్ పాత ఫైల్‌లోకే ఎందుకు రాస్తుందో, కాపీ చేసి అసలు ఫైల్‌ని ఖాళీ చేసే కాపీట్రంకేట్ ఎప్పుడు వాడాలో, సర్వీస్‌కి సిగ్నల్ ఎప్పుడు పంపాలో ఈ రాత్రి ఒకసారి చేతులతో చేసి చూసుకో.

చందు_ఆప్స్
ఇప్పుడే వర్చువల్ మెషిన్ ఆన్ చేశాను.